ఎలుకల డాక్టరు

ఇంట్లో, కిటికీ పక్క బల్ల
ఫిబ్రవరి

చిరంజీవి చుక్కకు,

కిడ్నీ జల్లెడ కాదు. ముందు ఆ మాట కొట్టెయ్.

"నీకు అర్థమయ్యేలా చెప్పాలంటే కిడ్నీ ఒక జల్లెడ అమ్మమ్మా" అని పోయిన ఉత్తరంలో రాశావు. నా కోసం నువ్వంత కిందకి దిగనక్కర్లేదు. ముప్ఫై రెండేళ్లు ఈ ఊరి నీళ్లు వడగట్టి పంపిన ఇంజనీరును నేను. జల్లెడలో పిండి దానంతటదే రాలుతుంది, మహా అయితే నాలుగుసార్లు తట్టాలి. వడపోత అలా కాదు. దానికి ఒత్తిడి కావాలి. ఇసుక బెడ్డు మీద నీటి మట్టం ఎప్పుడూ ఒకేలా నిలబడాలి. లోపలికి వచ్చే నీళ్లు తగ్గాయనుకో, బయటికి పోయే వాల్వును కాస్త బిగిస్తాం. అది చేయకుండా బయటి వాల్వు బార్లా తెరిచిపెట్టినవాడు నా కింద ఒక్కరోజు కూడా పనిచేయలేదు. నువ్వు చెప్పే కిడ్నీ అలాంటిదే అయితే సరే, లేకపోతే చెప్పు, మనిషిని చేసినవాడితో మాట్లాడతాను.

నా బీపీ సంగతి అడిగావు. ఎక్కువే. కొత్త డాక్టరు వచ్చాడు మన వీధి చివర ఆసుపత్రికి. నీకంటే నాలుగేళ్లు పెద్దవాడేమో, గడ్డం ఇంకా పూర్తిగా రావాలి. "మామ్మగారూ, నూట తొంభై ఉంది, మీకు తల తిరగట్లేదా?" అన్నాడు. "నాయనా, ఈ ఊరి కౌన్సిలు మీటింగులకు వెళ్లినదాన్ని, ఇప్పుడు కొత్తగా తిరగడానికేముంది" అన్నాను. కొత్త మాత్ర రాశాడు. వాడుతున్నాను.

మీ మావయ్య మొన్న భోజనాల దగ్గర నీ ప్రస్తావన తెచ్చాడు. "మన పిల్ల డాక్టరే కానీ ఎలుకల డాక్టరు. జ్వరమొస్తే మాత్ర రాయడం కూడా రాదు" అని, పైగా నవ్వు. నేనన్నాను, "ఒరే, నువ్వు కుర్చీలు అమ్ముతావు, మంచిదే. ఎలుకకు బీపీ ఎక్కడ చూస్తారో చెప్పు చూద్దాం. దాని జబ్బ ఎక్కడుందో చూపించు." కంచంలోకి తల దించేశాడు. నిజం చెప్పాలంటే నాకూ తెలియదు. ఎక్కడ చూస్తారు?

ఫోను చేయకు. ఫోను పైపు పగిలినప్పుడే. మిగతావన్నీ కాగితం మీద పెట్టొచ్చు.

మీ అమ్మమ్మ

*

ప్రయోగశాల, మూడో అంతస్తు
మార్చి

అమ్మమ్మకు నమస్కారాలు.

తోకకు చూస్తాం. చిన్న పట్టీ ఉంటుంది, చిటికెనవేలి ఉంగరమంత. ఎలుకను వెచ్చగా కూర్చోబెట్టి, కంగారు పడకుండా కాసేపు అలవాటు చేసి, తోకకు పట్టీ వేస్తాం. కంగారు పడితే లెక్క తప్పుతుంది. మావయ్యకు చెప్పు.

జల్లెడ మాట కొట్టేశాను. నువ్వు రాసిన వాల్వుల సంగతి చదివి మా మేడమ్‌కు చూపించాను. "మీ అమ్మమ్మగారిని ఇక్కడ చేర్చుకుందామా" అన్నారు. నేను రెండేళ్లుగా చేస్తున్నది ఆ వాల్వుల పనే మరి.

కిడ్నీలో ఒక్కో ఫిల్టరుకు రెండు నాళాలు. ఒకటి రక్తాన్ని లోపలికి తెస్తుంది, రెండోది బయటికి తీసుకుపోతుంది. వెంట్రుకకంటే సన్నం. తనకు వచ్చే రక్తం తగ్గిందని కిడ్నీకి అనిపిస్తే రెనిన్ అనే పదార్థాన్ని రక్తంలోకి వదులుతుంది. దాని పుణ్యాన యాంజియోటెన్సిన్ అనే హార్మోను తయారవుతుంది. ఇదే అసలు మనిషి. ఒళ్లంతా నాళాలను బిగించి బీపీ పెంచుతుంది. కిడ్నీలో రెండు నాళాలనూ బిగిస్తుంది, బయటిదాన్ని ఇంకాస్త ఎక్కువ. నువ్వు చెప్పిన వాల్వు అదే.

నేను చేసేదేమిటంటే, ఎలుక కిడ్నీలోంచి ఆ లోపలి నాళాన్ని సూక్ష్మదర్శిని కింద విడదీసి, రెండు గాజు గొట్టాల మధ్య తగిలించి, అందులో ఒత్తిడి నిలబెట్టి, ఒక బొట్టు హార్మోను వేసి, ఎంత ముడుచుకుంటుందో కొలుస్తాను. మంచి ఎలుకలో కాస్త ముడుచుకుంటుంది. బీపీ ఉన్న ఎలుకలో పిడికిలి బిగించినట్టు మూసుకుపోతుంది. గోడ కూడా మందమెక్కి ఉంటుంది. రక్తం తగ్గుతుంది, కిడ్నీ ఇంకా గోల పెడుతుంది, ఇంకా హార్మోను, ఇంకా బీపీ. ఇది నేను చూశాను అమ్మమ్మా, నా కళ్లతో. ఒక్కో నాళం తీయడానికి పూట పడుతుంది. చెయ్యి వణికితే ఆ పూట పోయినట్టే.

ఎలుకకు బీపీ ఎలా తెప్పిస్తారని అడుగుతావని తెలుసు. కిడ్నీకి వెళ్లే పెద్ద నాళానికి చిన్న వెండి క్లిప్పు పెట్టి సన్నం చేస్తాం. కిడ్నీ మోసపోతుంది. ఒళ్లంతా బీపీ తగ్గిందనుకుని గోల మొదలెడుతుంది.

జూన్‌లో పీహెచ్‌డీ పరీక్షకుల ముందు నా పని చెప్పాలి. బొమ్మలు సిద్ధం, లెక్కలు సిద్ధం. ఒక ప్రశ్న మాత్రం తప్పకుండా వస్తుందట, ప్రతివాళ్లనూ అడుగుతారట: "దీనివల్ల మనుషులకేం ఒరుగుతుంది?" మావయ్య అడిగిందీ అదేగా. జవాబుగా పుస్తకాల్లోని మాటలు నాలుగున్నాయి. అవి నావి కావు.

నీ కొత్త మాత్ర పేరేమిటి? రక్త పరీక్ష మళ్లీ చేశారా? ఆ కాగితంలో ఏముందో ఉన్నదున్నట్టు రాయి. నీ వ్యాఖ్యానం తరవాత.

చుక్క

*

ఇంట్లో, అదే బల్ల
ఏప్రిల్

చిరంజీవి చుక్కకు,

నీ హార్మోనును నేను ఎరుగుదును. నా కింద పనిచేశాడు.

నిజంగానే. వాల్వులు తిప్పే మనిషి ఒకడుండేవాడు, అందరూ కంగారయ్య అనేవాళ్లు. వాడి వీధి చివర కుళాయి సన్నగా వచ్చిందంటే చాలు, ఊరంతా నీళ్లు ఆగిపోయాయని పరుగెత్తుకొచ్చి రెండో పంపు వేసేవాడు. అవతల పేటల్లో గొట్టాలు బద్దలవుతుంటే వీడి కుళాయి మాత్రం అలాగే సన్నగా వస్తుండేది. "మేడమ్, మన దగ్గర ప్రెషరు లేదు!" "ఒరే, ఊళ్లో ఉంది, నీ వీధి గొట్టంలో మట్టి ఉంది" అంటే వినడు. మనసు మంచిదే, తెలివి ఒక వీధంత. నీ ఎలుకలో వెండి క్లిప్పు పెట్టి మోసం చేస్తున్నది ఇలాంటివాడినే. పాపం అనిపించింది.

ఈ కథ డాక్టరుకు చెప్పాను. నీ పని కూడా చెప్పాను. నోరు తెరుచుకుని విన్నాడు. "మీకు రాసిన మాత్ర ఆ కంగారయ్య చేతులు కట్టేసేదే మామ్మగారూ" అన్నాడు. పేరు ఈ కాగితం వెనక రాశాను, స్పెల్లింగు వాడిది. బీపీ నూట నలభైకి దిగింది. మీ మావయ్య వచ్చి చూసి, "అమ్మా, నీకు మనవరాలు చెప్పిందా ఏమిటి ఈ మందు?" అని వెటకారం. "చెప్పకపోయినా దాని పనిలోంచే వచ్చింది" అన్నాను. గొప్ప కోసం అన్నాను, కానీ పూర్తిగా అబద్ధం కాదనుకుంటా.

కాగితంలో ఉన్నదున్నట్టు రాయమన్నావు. క్రియాటినిన్ అనేది మాత్రకు ముందు 1.3, ఇప్పుడు 2.6. ఎండల్లో ఎవరికైనా అంతే. డాక్టరు మాత్రం ఆ అంకె తనదైనట్టు ముఖం పెట్టాడు. స్టెతస్కోపు తీసి నా పొట్ట మీద బొడ్డు పక్కన ఆనించి చాలాసేపు విన్నాడు. "ఏమిటి నాయనా, శుభవార్తా?" అన్నాను. నవ్వలేదు. ఏదో శబ్దం ఉందన్నాడు. కడుపు స్కాను రాశాడు, ఆ వారంలోనే చేయించుకోమని. ఆ స్కాను గదిలో చలి ఎక్కువ, పైగా ఒంటి మీది బట్ట తీయమంటారు. తరవాత చూద్దాం.

నీ పరీక్షకుల సంగతి: జవాబు లేకపోతే లేదని చెప్పు. నేను మొదటిరోజు ఉద్యోగంలో చేరినప్పుడు, "ఆడవాళ్లు రాత్రిపూట రోడ్డు మీద చెవి పెట్టి గొట్టాలు వింటారా?" అని పెద్ద ఇంజనీరు అడిగాడు. జవాబు చెప్పలేదు. ఇనుప కడ్డీ తీసుకుని వెళ్లి విన్నాను. భూమిలో ఎక్కడ కారుతోందో, ఎక్కడ గొట్టం సన్నబడిందో కడ్డీ చెవికి ఆనించి చెప్పేదాన్ని. మూడు నెలల తరవాత ఆయనే మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు.

ఎలుకలకు నా ఆశీస్సులు.

మీ అమ్మమ్మ

*

ప్రయోగశాల మెట్ల మీద
ఏప్రిల్, నీ ఉత్తరం చేరిన రోజే

అమ్మమ్మా,

పొద్దున ఫోను చేశాను, నీ నియమం తప్పి. నేనడిగింది ఒక్కటే, "నీ ఎడమ నడుము పక్కన ఆ పొడుగు మచ్చ ఏమిటి?" అని. "రాళ్ల ఆపరేషను. పైపు పగిలిందా? లేదు కదా, ఉత్తరం రాయి" అని పెట్టేశావు. రాస్తున్నాను. ఈ ఉత్తరం మా మేడమ్ తమ్ముడు ఈ సాయంత్రం అటు వస్తూ నీ చేతికే ఇస్తాడు. ఆయన ఎదురుగా చదువు. ఆయన్ను మొండితనంతో పంపించేయకు, కారు తెచ్చాడు.

నేను డాక్టరును కాను. అందుకని మాత్ర ఆపమని నేను చెప్పను. ఈరోజే డాక్టరు దగ్గరికి వెళ్లి, ఆయన చేత చెప్పించుకోమంటున్నాను. ఎందుకో విను.

బొడ్డు పక్కన ఆ శబ్దం కిడ్నీకి వెళ్లే పెద్ద నాళం సన్నబడితే వస్తుంది. సన్నబడిన గొట్టంలో నీళ్లు బుసకొడతాయని నాకు నేర్పినదానివి నువ్వే, ఆ శబ్దమేమిటో నీకు తెలియలేదంటే నమ్మను. లోపలికి వచ్చేది తగ్గింది. అప్పుడు ఫిల్టరు మీద మట్టం పడిపోకుండా కాపాడుతున్నదెవరు? కంగారయ్యే. బయటి నాళాన్ని బిగించి పట్టుకుని. వాడి వల్ల నీ బీపీ పెరిగిన మాట నిజమే. కానీ నీ వడపోత నడుస్తున్నదీ వాడి చేతుల మీదే. మాత్ర వేసి వాడి చేతులు కట్టేశాం. బయటి వాల్వు బార్లా తెరుచుకుంది. లోపలి గొట్టం సన్నం, బయటిది బార్లా. బెడ్డు మీద మట్టం ఏమవుతుంది? అలా చేసినవాడు నీ కింద ఒక్కరోజు కూడా పనిచేయలేదన్నావు. నువ్వే రాశావు, ఫిబ్రవరిలో.

ఇంకొకటి. నా ఎలుకల్లో ఒక కిడ్నీకి క్లిప్పు పెట్టి రెండోది వదిలేస్తే, ఈ మాత్ర ఇచ్చినా రెండోది పని అందుకుంటుంది. క్రియాటినిన్ అంకె ఇంతగా పెరగదు, అది పెరిగిందంటే వడపోత తగ్గినట్టు. రెట్టింపు కావాలంటే రెండు కిడ్నీల నాళాలూ సన్నబడి ఉండాలి. లేదా ఉన్నది ఒక్కటే కిడ్నీ అయి ఉండాలి.

చిన్నప్పుడు నీ వీపుకు మందు రాసేదాన్ని. ఆ మచ్చ ముందు నుంచి వెనక్కి వంకరగా ఉంటుంది. రాళ్లకు అంత కోత కోయాల్సిన పని నాకు కనబడలేదు. స్కాను గదిలో చలి అన్నావు. నువ్వు జనవరిలో వరండాలో పడుకునేదానివి.

నీకు ఉన్నది ఒక్కటే అని నేననుకుంటున్నాను. ఎందుకో, ఎలాగో నాకు తెలియదు, అడగను కూడా. డాక్టరుకు మాత్రం చెప్పు. విడిగా ఒక కాగితం పెడుతున్నాను, అది ఆయనకు. నా లెక్క తప్పయితే నా చదువంతా దండగ, మావయ్య మాటే నిజం, జీవితాంతం ఎలుకలకు తోకలు కొలుచుకుంటాను. నాకేం బాధ లేదు. తప్పు కావాలనే కోరుకుంటున్నాను.

లే. చెప్పులు వేసుకో.

చుక్క

*

ఆసుపత్రి, ఆడవాళ్ల వార్డు, కిటికీ పక్క మంచం
ఏప్రిల్ చివర

చిరంజీవి చుక్కకు,

నీ లెక్క తప్పలేదు. ఉన్నది ఒక్కటే.

మీ మేడమ్ తమ్ముడు గుమ్మంలో నిలబడి, "చదివేదాకా కదలొద్దని ఆర్డరండీ" అన్నాడు. చదివాను. చెప్పులు వేసుకున్నాను. నన్ను ఇలా కసిరినవాళ్లు ఈ భూమ్మీద ఇద్దరే, పెద్ద ఇంజనీరు, నువ్వు. ఆయన రిటైరయ్యాడు.

డాక్టరు నీ కాగితం ఒకసారి చదివాడు, కూర్చుని మళ్లీ చదివాడు. "మామ్మగారూ, ఎడమ కిడ్నీ లేదా మీకు? నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు. "నువ్వు అడగలేదు" అన్నాను. "స్కాను రాశాను కదండీ!" అన్నాడు, గొంతు పెరిగింది. అప్పుడు ఉన్నదంతా చెప్పేశాను. మాత్ర ఆ నిమిషమే ఆపేశాడు. ఆ రాత్రే ఇక్కడ చేర్చారు. వేరే మాత్రలు వేశారు, కంగారయ్య జోలికి పోనివి. అంకె 3.1 దాకా వెళ్లి ఆగింది, నిన్నటికి 2.2. ఇంకో వారం ఆలస్యమైతే ఏమయ్యేదో ఆ డాక్టరు చెప్పలేదు.

అడగనన్నావు కదా, అందుకే చెబుతున్నాను.

ఎడమది మీ ఈత తాతయ్యకు ఇచ్చాను. కొలనులో పిల్లలకు ఈత నేర్పే నా తమ్ముడికి. నువ్వు పాలు తాగే వయసులో వాడి కిడ్నీలు రెండూ పోయాయి. నాది సరిపోయింది. కత్తి పెట్టే ముందురోజు వాడొక మాట అడిగాడు. "అక్కా, ఎవరికీ చెప్పకు. పిల్లలు నన్ను చూసి నీళ్లలోకి దూకుతారు. వీడు సగం మనిషని తెలిస్తే దూకరు." "సగమేమిట్రా, నా వాటా కలిపితే నువ్వే ఎక్కువ" అన్నాను. నవ్వాడు కానీ మాట మాత్రం పుచ్చుకున్నాడు. మా ఆయనకు, అదే మీ తాతయ్యకు తెలుసు. ఆయన పోయాడు. ఆపరేషను చేసినాయనా పోయాడు. మీ అమ్మకు, మావయ్యకు రాళ్లని చెప్పాం.

తరవాత పద్నాలుగేళ్లు కొలను ఒడ్డున ఈల వేస్తూ తిరిగాడు. ఎండాకాలంలో కూడా బనీను ఎందుకు విప్పేవాడు కాదో ఇప్పుడు తెలిసిందా? నువ్వు ఈత నేర్చుకున్నది నా కిడ్నీ దగ్గరే చుక్కా. నిన్ను లోతులోకి తోసి, "మునగదు, ఇది మా అక్క మనవరాలు" అని అరిచేవాడు. నేను గట్టు మీద కూర్చుని ఇద్దరినీ చూసేదాన్ని. అంతకంటే గర్వంగా నేనెప్పుడూ కూర్చోలేదు. ఎవరికీ చెప్పలేని గర్వం బాగుంటుంది, ఎవరూ వచ్చి దాన్ని తగ్గించలేరు.

వాడు పోయాక కూడా మాట తప్పలేదు. స్కాను చేయిస్తే బయటపడుతుందని వెళ్లలేదు. ఆ శబ్దం సంగతి నువ్వు రాసింది కూడా నిజం. స్టెతస్కోపు లాక్కుని నేనే విన్నాను. మొదటి బుసకే తెలిసింది, గొట్టం సన్నబడిందని. కానీ రెండోది లేదన్న సంగతి లెక్కలోకి తీసుకోలేదు. లేకుండా ఇన్నేళ్లు బాగా బతికాను, లేదన్నదే మరిచిపోయాను. ఊరికి ఒకే ఫిల్టరు హౌసు ఉన్నప్పుడు ఎంత జాగ్రత్తగా ఉండాలో నాకు వేరే ఎవరైనా చెప్పాలా? నువ్వు చెప్పాల్సి వచ్చింది.

ఇక అసలు విషయం. నిన్న పెద్ద డాక్టరు వచ్చాడు, వెనకాల ఆరుగురు కుర్రవాళ్లు. నీ కాగితం తీసి వాళ్లకు చదివి వినిపించాడు, మొదటినుంచి చివరిదాకా. "ఈ డాక్టరు ఏ ఆసుపత్రిలో చేస్తున్నారు?" అని నన్నడిగాడు. అదే సమయానికి మీ మావయ్య సంచీతో వచ్చి నిలబడ్డాడు. నేను వాడి వంక చూస్తూ, ఒక్కో మాట విడివిడిగా అన్నాను. "ఎలుకల డాక్టరండీ. నా మనవరాలు."

మీ మావయ్య సంచీ కింద పెట్టి బయటికెళ్లాడు. అక్కడ డాక్టరు అంతా చెప్పాడట, కాసేపటికి కళ్లు తుడుచుకుని వచ్చాడు. "అమ్మా, మామకి నువ్వు కిడ్నీ ఇచ్చావా" అన్నాడు. "ఇచ్చాను. నీకు కావాలన్నా ఇచ్చేదాన్ని, కానీ నీకు నోరు తప్ప అన్నీ బాగానే ఉన్నాయి" అన్నాను.

వార్డంతటికీ నీ గురించి తెలుసు. పక్క మంచం ఆవిడ తన మోకాలు నీకు చూపించాలంటోంది. ఎలుకదైతేనే చూస్తావని చెప్పాను.

సన్నబడిన నాళంలోకి తొడ దగ్గరనుంచి సన్నని గొట్టం పంపి, తెరిచి, లోపల స్టెంటు అనే జాలీ గొట్టం ఒకటి పెడతారట. ఒక్కటే కిడ్నీ కాబట్టి ఆచితూచి చేస్తారు. తేదీ ఇంకా చెప్పలేదు.

మీ అమ్మమ్మ

*

ప్రయోగశాల, మూడో అంతస్తు
మే

అమ్మమ్మా,

నీ ఉత్తరం చదివి బాత్రూములో కుళాయి తిప్పి ఏడ్చాను, ఎవరికీ వినపడకుండా. నీళ్లు వృథా చేశానని తిట్టకు.

ఈత తాతయ్య బనీను గుర్తుంది. ఒకసారి తడి బనీను పట్టుకుని లాగాను. ఎప్పుడూ కోప్పడని మనిషి నా చెయ్యి గట్టిగా పట్టుకుని వదిలించుకున్నాడు. ఆ రోజంతా అలిగాను. ఇప్పుడు అలక తీరింది.

నీ ప్రొసీజరు తేదీ మావయ్య ఫోను చేసి చెప్పారు. నా పరీక్ష తేదీ కూడా అదే. మావయ్యే అన్నారు, "నువ్వు ఇక్కడుంటే డాక్టర్లు కూడా ఒళ్లు దగ్గర పెట్టుకుని చేస్తారు, రా తల్లీ" అని. మేడమ్‌తో మాట్లాడాను. పరీక్ష నాలుగు నెలలు వెనక్కి జరుపుతారట. ఒప్పుకున్నాను. టికెట్ కొంటున్నాను.

చుక్క

*

ఆసుపత్రి, అదే మంచం
మే

చుక్కా,

టికెట్ కొనకు. కొంటే తిరిగిచ్చెయ్.

నా నాళంలోకి గొట్టం నువ్వు పెడతావా? పెట్టవు. ఇక్కడ నీ పని కుర్చీలో కూర్చుని గోళ్లు కొరకడం. దానికి మీ మావయ్య ఉన్నాడు, కుర్చీ కూడా వాడిదే తెచ్చుకుంటాడు. అక్కడ మాత్రం నీ బదులు ఇంకెవరూ మాట్లాడరు. రెండేళ్లు పూట పూటా వెంట్రుకకంటే సన్నని నాళాలు తీసినదానివి, ఆ రోజు వణికితే ఎలా?

నేను పోతానేమోనని నీ భయం. పోవచ్చు. పెద్ద డాక్టరు దాచకుండా చెప్పాడు, ఉన్న ఒక్కటీ దెబ్బ తినే అవకాశం కొంచెం ఉందని. తెలిసే సంతకం పెట్టాను. కానీ కత్తి దగ్గరికి నేను వెళ్లేటప్పుడు నువ్వు ఆ గదిలో బొమ్మ చూపిస్తూ నిలబడి ఉన్నావని తెలిస్తే నాకు బీపీ సరిగ్గా ఉంటుంది. ఇది నేను వైద్యం కోసమే చెబుతున్నాను.

మనుషులకేం ఒరుగుతుందని అడిగితే నన్ను వాడుకో. పేరు చెప్పనక్కర్లేదు. "ఒక రిటైర్డు ఇంజనీరు" అను. ముసలావిడ అన్నావంటే ఊరుకోను.

మీ అమ్మమ్మ

*

ప్రయోగశాల
జూన్, పరీక్ష మర్నాడు

అమ్మమ్మా,

నువ్వు బాగున్నావని నిన్న మధ్యాహ్నం మావయ్య ఫోనులో చెప్పాకే నాకు ఊపిరి ఆడింది. నాళం తెరుచుకుందట, రక్తం ధారగా వెళ్తోందట. ఆయనే అన్నారు, "మీ అమ్మమ్మ లేవగానే డాక్టరు స్టెతస్కోపు లాక్కుని వింది, బుస లేదని తనే ప్రకటించింది" అని.

అప్పటికి పరీక్ష గది తలుపు ఇంకా తెరవలేదు. తరవాత పిలిచారు.

అడిగారు. కళ్లజోడు పెద్దాయన, చివర్లో. "అమ్మాయ్, ఎలుక సంగతి బాగుంది. మనిషికేం ఒరుగుతుంది?" నేను పుస్తకంలోని నాలుగు మాటలూ పక్కన పెట్టాను. "ఒక రిటైర్డు ఇంజనీరు ఉన్నారండీ" అని మొదలెట్టాను. వాల్వులు, మట్టం, ఒకే ఫిల్టరు, బుస, మాత్ర, అంతా చెప్పాను. ఆ హార్మోను శత్రువూ కాదు, మిత్రుడూ కాదు, ఏ గొట్టం ఎంత సన్నబడిందో చూసుకుని వాడి చేతులు కట్టాలో వదలాలో తేల్చుకోవాలని చెప్పాను. నా చెయ్యి వణకలేదు. ఆయన కళ్లజోడు తీసి, "ఆ ఇంజనీరు ఎలా ఉన్నారు ఇప్పుడు?" అన్నారు.

"గంట క్రితమే లేచారండీ, మా మావయ్యను తిడుతున్నారు" అన్నాను. గదంతా నవ్వింది.

ఇక నన్ను డాక్టరు అనొచ్చట, రాతపూర్వకంగా. ఆదివారం బయల్దేరుతున్నాను.

చుక్క

*

ఇంట్లో, కిటికీ పక్క బల్ల
జూన్

డాక్టరు చుక్కగారికి,

ఒక తప్పు. నేను మీ మావయ్యను తిట్టలేదు. ఆసుపత్రి కుర్చీ కిర్రుమంటుంటే, "నీ కొట్టులోదేనా?" అని అడిగాను, అంతే.

అంకె 1.4. బీపీ నూట ముప్ఫై అయిదు, సగం మాత్రలతో. డాక్టరుకు నీ ఉత్తరం చదివి వినిపించాను. నీ ఆటోగ్రాఫు అడిగాడు. ఆదివారం నువ్వే పెట్టు. మీ మావయ్య తన కొట్టుకొచ్చిన ప్రతివాళ్లతో "మా ఇంట్లో డాక్టరుంది" అంటున్నాడట. "ఏం డాక్టరండీ?" అంటే, "కిడ్నీలకు" అంటున్నాడు. ఎలుకల మాట ఎత్తడం లేదు. నేను ఎత్తుతున్నాను. నాకు ఆ పేరే నచ్చింది, నా ప్రాణం కాపాడింది ఆ పేరుగల మనిషే.

ఆదివారం తిన్నగా ఇంటికి రాకు. ముందు కొలను దగ్గర దిగు. టికెట్ల కిటికీ పక్క గోడ మీద మీ ఈత తాతయ్య ఫొటో ఉంటుంది, ఈల నోట్లో పెట్టుకుని, బనీనుతో. దుమ్ము పట్టి ఉంటుంది. మాట తప్పానని చెప్పు, నీ కోసం తప్పానని కాదు, వాడిచ్చిన గర్వం ఇంక ఒక్కదాన్నే మోయలేకపోయానని చెప్పు. పిల్లలు ఇప్పటికీ దూకుతున్నారని కూడా చెప్పు, వెనక్కి తిరిగి ఒకసారి చూసి మరీ చెప్పు, అబద్ధం కాకూడదు.

అద్దం పొడిగుడ్డతో తుడువు, తడిగుడ్డ పెడితే చారలు పడతాయి. ఎత్తుగా ఉంటుంది. టికెట్ల గది వెనక ఒక పాత స్టూలు ఉంది, అడిగితే ఇస్తారు. దాని ఎడమ ముందు కాలు పొట్టి. బరువు కుడివైపు వేసి ఎక్కు, ఏం పడిపోవు.

మీ అమ్మమ్మ